రాయి మిగిలింది, గుట్ట ఏది?

హైదరాబాద్‌లో కొండ ఎక్కాలంటే అనంతగిరికో శ్రీశైలానికో పోనక్కర్లేదు. రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో ఖాజాగూడ గుట్ట కిందికి చేరతాం. పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే ఆఫీసు బస్సుల రద్దీ మొదలయ్యేలోపు పైకెక్కి, కాసేపు కూచుని, దిగి రావచ్చు. అయినా ఆ గుట్టకు కూతవేటు దూరంలో ఏళ్ల తరబడి కొలువు చేస్తూ ఒక్కసారైనా దాని మీద కాలు పెట్టనివాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లను తప్పుపట్టలేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే బోర్డు లేదు, దారి ఎవరిదో తెలియదు, పైకెళ్తే ఎవరైనా ఆపుతారేమోనన్న జంకు. ఐటీ కారిడార్ గుట్టల కథంతా ఈ జంకులోనే ఉంది. ఇవి ఎవరివి, వీటి మీద ఎవరు నడవచ్చు, నడవడానికి ఇంకెంత మిగిలింది అన్నదాన్ని ఈ పాతికేళ్లలో మన ఊరు తేల్చుకోలేదు.

ముందు ఆ రాయి సంగతి. దక్కన్ అనగానే లావా నుంచి పుట్టిన నల్లరాయి అనుకుంటాం. అది మనకు పడమట, వికారాబాద్ వైపు కనిపిస్తుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, అంటే భూమి వయసులో సగానికి పైమాటే. భూగర్భంలో కిలోమీటర్ల లోతున శిలాద్రవం నిదానంగా చల్లారి ఈ రాయి అయింది. నిదానంగా చల్లారబట్టే దీని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవి. బండ మీద చెయ్యిపెట్టి దగ్గరగా చూస్తే గులాబీ, బూడిద రంగుల ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం రేకులు విడివిడిగా తెలుస్తాయి. పైనున్న నేల కోట్ల ఏళ్లలో కోసుకుపోయాక, బరువు తగ్గిన గ్రానైట్ పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి వాననీరు దిగింది. మూలల్ని నీరు అన్ని వైపుల నుంచీ తింటుంది కాబట్టి అవి ముందు అరిగి, నడిమి భాగం గుండుగా మిగిలింది. అరిగి రాలిన గరుకు మట్టే మనం మొరం అనేది. ఆ మొరం కొట్టుకుపోయాక గుండు మీద గుండు బయటపడింది. ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలిచిన ఆ బండలు నిజానికి ఎక్కడివక్కడే తయారైనవి. కొన్నిచోట్ల బండ పైపొర ఉల్లిపొరలా లేచి ఉంటుంది. మెల్లగా తడితే కింద బోలుగా మోగుతుంది.

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ కూడా గ్రానైట్ మీద నిలిచిన మిట్ట ప్రాంతమే. అక్కడి కొండకొమ్ముల మీద కూడా ఇలాంటి బండల గుట్టలే ఉంటాయి, అవి కూడా ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి. ఆ రాళ్ల వయసు దాదాపు 28 కోట్ల ఏళ్లు. మన బండలతో పోలిస్తే పసివి. వాటిని చూడటానికి, వాటి మధ్య నడవడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. అక్కడ పీట్ నేల, హెదర్ పొదలు, చలిగాలి. ఇక్కడ బోద గడ్డి, పరికి కంప, సీతాఫలం పొదలు, ఎండ. నడిచే మనిషికి రెండుచోట్లా దొరికేది ఒకటే. చెట్ల అడ్డు లేని విశాలమైన మిట్ట, నాలుగు దిక్కులా చూపు, కాలి కింద రాయి.

ఖాజాగూడ గుట్టను ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. బహమనీ రాజ్య స్థాపకుడికి గురువని చెప్పుకునే బాబా ఫక్రుద్దీన్ ఔలియా పేరు మీద ఇక్కడ దర్గా ఉంది. అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. 1951లో ఆధ్యాత్మిక గురువు మెహర్ బాబా తన మనోనాశ సాధన కాలంలో ఏకాంతంగా గడిపిన గుహ ఈ కొండల్లోనే ఉంది. ఇక్కడి నుంచే ఆయన ఔరంగాబాద్ దిశగా కాలినడకన బయల్దేరాడు. ముగ్గురు వేర్వేరు దారుల భక్తులకు ఒకే గుట్ట. ఆదివారాలు పొద్దున ఇప్పుడు నాలుగో జట్టు కూడా వస్తుంది. వీపున పరుపులు మోసుకుని, చేతులకు సుద్దపొడి రాసుకుని బండలెక్కే కుర్రాళ్లు, అమ్మాయిలు. వాళ్లు ఒక్కో బండ ముందు నిలబడి, ఎక్కడ వేలు పెట్టాలో, ఎక్కడ మడమ ఆనించాలో గంటలకొద్దీ వాదించుకుంటారు. రాయిని ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు భూగర్భ శాస్త్రజ్ఞుల తర్వాత వీళ్లే.

ఎక్కడం కష్టమేమీ కాదు. గాలికి అరిగిన బండ మీద బూటు బాగా పట్టుకుంటుంది. తడిసినప్పుడు మాత్రం జాగ్రత్త. బండ మీద నల్లగా, ఆకుపచ్చగా పట్టిన పొర వానలో జారుడుబల్ల అవుతుంది. కాలాన్ని బట్టి గుట్ట మొత్తం మారిపోతుంది. ఆరుద్ర కార్తెలో మొదటి వానలు పడ్డాక గడ్డి మొలిచే చోట ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతాయి. బతుకమ్మ రోజులకు తంగేడు పూస్తుంది. దాని వెనకే సీతాఫలాలు కన్ను తెరుస్తాయి. మాఘం నాటికి గడ్డంతా ఎండి బంగారు రంగుకు తిరుగుతుంది, గాలి తోలినప్పుడల్లా ఒకే వైపుకు వాలుతుంది. నడకకు అసలైన కాలం అదే. మార్చి దాటితే పొద్దున ఎనిమిదికే బండ కాలుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వానాకాలంలో బండ పైన ఏర్పడే నీటి గుంట. తాంబాళమంత వెడల్పు, అరచేయంత లోతు. అడుగున చారెడు మొరం. అందులోనే గడ్డిపోచలు, నాచు, రెండు మూడు రకాల చిన్న పూలు, నీటి మీద పరుగెత్తే పురుగులు, చీకటి పడితే కప్పలు. వాన వెనకబడి నాలుగు రోజులు ఎండ కాస్తే మొత్తం ఎండిపోతుంది. మళ్లీ వాన పడగానే అవే ప్రాణాలు లేచొస్తాయి. కొండను నున్నగా చదును చేసి దాని మీద వెయ్యి మొక్కలు నాటినా ఈ గుంటను తిరిగి తేలేం. గుట్ట మీద పడిన వాన ఇలాంటి గుంటల్లో ఆగి, పగుళ్లలోకి దిగి, మిగిలింది కిందున్న చెరువుకు చేరుతుంది. రెండు గుట్టల మధ్య కట్టువేసి చెరువు చేయడం ఈ నేల మీద శతాబ్దాల విద్య. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు అలా రాళ్ల నడుమ నిలిచిందే. గుట్టను తీసేసి చెరువును మాత్రం కాపాడతామంటే కుదరదు. గుట్టా చెరువూ ఒకే నీటి లెక్క.

ఈ గుట్టల మీద మనకంటే ముందు నడిచిన వాళ్లెవరు? గొల్ల కురుమలు మేకల్ని, గొర్రెల్ని తోలుకొచ్చారు. సీతాఫలాలు కోసి గంపల్లో ఊళ్లోకి తెచ్చి అమ్మిన ఆడవాళ్లున్నారు. వంటచెరకు ఏరుకున్నవాళ్లున్నారు. ఆషాఢంలో గుట్ట మీది అమ్మవారికి బోనమెత్తినవాళ్లున్నారు. మేకల కాపరులు ఇప్పటికీ ఒకరిద్దరు కనిపిస్తారు. ఒకసారి నేను దారి తప్పి ఒక పొదలోకి దిగబోతుంటే ఒక పెద్దాయన దూరం నుంచే కేకేసి ఆపాడు. "సార్, అటు దిక్కు పోకుండ్రి, తేనెటీగలున్నయి." తర్వాత తలెత్తి చూస్తే బండ చూరు కింద నల్లటి పట్టు వేలాడుతోంది. గుట్ట ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపుకూ తెలియదు. అయినా గుట్ట భవిష్యత్తు మీద జరిగే ఏ సమావేశానికీ ఆయన్ని పిలవరు.

రాళ్లు కొట్టే వడ్డెరలను కూడా తలుచుకోవాలి. ఖాజాగూడలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, మౌలాలిలో చాలా బండల మీద వరసగా చిన్న చిన్న గాళ్లు కనిపిస్తాయి. జానెడు ఎడంతో, తాడు పట్టి గీసినంత సూటిగా ఉంటాయి. ఉలితో ఆ గాళ్లు తొలిచి, ఇనుప చీలలు దించి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతే బండ ఆ గీత వెంట చీలుతుంది. ఏ చీల మీద ఎంత దెబ్బ వెయ్యాలో రాయి మోతను బట్టి తెలుసుకునే పని అది. కొన్ని బండల మీద గాళ్లు తొలిచి, ఎందుకో చీల్చకుండా వదిలేశారు. ఆ గాళ్లలో ఇప్పుడు నీళ్లు నిలిచి నాచు పట్టింది. హైదరాబాద్ పునాదుల్లో, ప్రహరీల్లో, బావుల్లో, కోట గోడల్లో ఉన్న రాయి ఇలా వచ్చిందే. ఆ చేతిపని గుట్టను తరాలపాటు కొరికింది, మింగలేదు. గుట్టల్ని మింగడం పెద్ద యంత్రాలు, జిలెటిన్ పేలుళ్లు వచ్చాక మొదలైంది.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ఈ కారిడార్‌లోని ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే కనుక పొడిగించను. రాళ్ల నేల అని చులకనగా చూసిన ప్రాంతం దేశంలోని ఖరీదైన నేలల్లో ఒకటైంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. ఎకరా వంద కోట్లయ్యే చోట గుట్ట మిగలడం దానంతటది జరగదు. ఎవరో పనిగట్టుకుని మిగల్చాలి. మిగల్చకపోతే ఏం జరుగుతుందో కారిడార్‌లో నడిచే ఎవరికైనా కనిపిస్తుంది. ముందు గుట్ట అంచున మొరం ఎత్తుకుపోతారు. తర్వాత చుట్టూ నీలం రేకుల కంచె లేస్తుంది. లోపల పేలుళ్లు వినిపిస్తాయి. కొన్నాళ్లకు గుట్ట ఎంత ఎత్తుండేదో అంతకు తగ్గ గొయ్యి తవ్వి, అందులో కార్లకు చోటు చేస్తారు.

దీన్ని ఆపడానికి ఎవరూ ఏమీ చేయలేదంటే అన్యాయమవుతుంది. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. ఐఏఎస్ అధికారిగా పనిచేసి హైదరాబాద్ చరిత్రను ప్రేమగా రాసిన నరేంద్ర లూథర్ దానికి చాలాకాలం అధ్యక్షుడు. ఈ రాళ్ల మీద ఆయన రాకుమెంటరీ అనే చిత్రం కూడా తీశారు. జర్మనీలో పుట్టి ఇక్కడ స్థిరపడిన ఫ్రావుకె ఖాదర్ దశాబ్దాలపాటు ఆ సంస్థ భారం మోశారు. జనాన్ని ఆదివారాలు గుట్టల మీదికి నడిపించుకుపోవడం వాళ్లు మొదటి నుంచీ చేస్తున్న పని. రాయిని ప్రేమించాలంటే ముందు దాని మీద నడవాలని వాళ్లకు తెలుసు. నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ నిబంధనల కింద తొమ్మిది రాతి అమరికలకు రక్షణ దొరకడంలో వాళ్ల కృషి పెద్దది. శిల్పారామం లోపలి బేర్స్ నోస్, ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్ ఒబెలిస్క్, సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్, మౌలాలి దగ్గరి సెంటినెల్ రాక్ అలా జాబితాకెక్కాయి. 2015లో ఆ నిబంధనలు రద్దయ్యాయి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది.

ఆ జాబితాను గౌరవిస్తూనే దాని పరిమితిని చెప్పాలి. అందులోని పేర్లు చూడండి. దాదాపు అన్నీ ఒక్కో రాయి. వింత ఆకారంలో ఉన్న, ఫొటోకు పనికొచ్చే, పేరు పెట్టడానికి వీలైన రాయి. శిల్పాన్ని కాపాడే కన్నుతోనే చట్టం రాయిని కూడా చూసింది. నడిచేవాడికి పుట్టగొడుగు ఆకారపు బండ ఎంత ముఖ్యమో దాని చుట్టూ ఉన్న పేరులేని వాలు కూడా అంతే ముఖ్యం. గడ్డి, పగులు, గుంట, కింద చెరువు, పైన డేగ తిరిగే ఆకాశం అన్నీ కలిస్తేనే అతనికి గుట్ట. దుర్గం చెరువు దగ్గర మాత్రం చుట్టూ ఉన్న గుట్టల్ని గుట్టలుగానే జాబితాలో చేర్చారు. సరైన చూపు అదే. కానీ ఇవాళ ఆ చెరువు గట్టున నిలబడి చుట్టూ చూస్తే రాయి కంటే మేడలే ఎక్కువ. 2020 సెప్టెంబర్‌లో తెరిచిన తీగల వంతెన మీద సాయంత్రాలు వేలమంది తిరుగుతారు. వాళ్ల కింద నీళ్లున్నాయి, పక్కన బండలున్నాయి, బండల మీదికి దారి లేదు.

కంచ గచ్చిబౌలిలో రాయికీ గుట్టకూ ఉన్న ఈ తేడా కోర్టు దాకా వెళ్లింది. సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు ఐటీ అభివృద్ధి కోసం సిద్ధం చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, లాఠీలు లేచాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అదే నెల 16న, కొట్టేసిన మేర అడవిని ఎలా తిరిగి తెస్తారో ప్రణాళిక చెప్పమని గట్టిగా అడిగింది. ఆ భూమి రికార్డుల్లో అడవి కాదు, తమదేనన్నది ప్రభుత్వ వాదన. యాజమాన్యం మాట కోర్టులు తేలుస్తాయి. నా దృష్టి పడింది ఇంకో మాట మీద. మష్రూమ్ రాక్‌నూ ఇతర రాతి అమరికలనూ కాపాడతామని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ అప్పుడు హామీ ఇచ్చింది. ఆ హామీని నమ్ముదాం. చుట్టూ ఉన్న పొదలు, జింకలు, నెమళ్లు, నీటి పల్లాలు పోయి, టవర్ల నడుమ పచ్చిక వేసిన వలయంలో ఆ పుట్టగొడుగు బండ ఒక్కటే నిలబడి ఉంటే అది చూడటానికి ఒక వస్తువు అవుతుంది, అంతే. అక్కడ నడవడానికి ఏమీ ఉండదు. విద్యార్థులు కాపాడింది గుట్టను, పొదను, పల్లాన్ని కలిపి. వాళ్లకు ఈ ఊరు రుణపడి ఉంది.

నడిచే హక్కు కోసం కొట్లాడిన చోట్లు వేరే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన కిండర్ స్కౌట్ అనే పీట్ మిట్ట ఉంది. ఎత్తు 636 మీటర్లు. వేట కోసం జమీందార్లు దాన్ని మూసేశారు. వారమంతా మిల్లుల పొగలో పనిచేసే కార్మికులకు ఆదివారం ఆ గాలి కావాలి. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది కట్టగట్టుకుని దాని మీదికి ఎక్కారు. కాపలాదార్లతో పెనుగులాట జరిగింది, అయిదుగురు జైలుకెళ్లారు. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం, 2000లో మిట్టల మీదా పోరంబోకుల మీదా స్వేచ్ఛగా నడిచే హక్కు చట్టం వచ్చాయి. డార్ట్‌మూర్‌లో రాత్రి గుడారం వేసుకునే హక్కు మీద ఒక భూస్వామి దావా వేస్తే 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు నడిచేవాళ్ల వైపే తీర్పిచ్చింది. అక్కడ నేల ఇప్పటికీ చాలాచోట్ల ప్రైవేటుదే. యజమాని మారలేదు, నడక హక్కు మాత్రం చట్టంలోకి ఎక్కింది. మనకు పనికొచ్చే పాఠం ఇదే. గుట్ట వక్ఫ్‌దైనా, సర్కారుదైనా, కంపెనీదైనా, దాని మీది కాలిబాట అందరిదీ కావచ్చు. కిండర్ ఎక్కిన మిల్లు కార్మికుడికీ రాత్రి షిఫ్టు ముగించి ఖాజాగూడలో తెల్లవారే దాకా కూచునే టెస్టింగ్ ఇంజనీరుకూ ఉన్న అవసరం ఒకటే.

పార్కులున్నాయి కదా అంటారు. కేబీఆర్ జాతీయ ఉద్యానం 1998లో వచ్చింది, కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ ఉంది. రెండూ ఊరికి ఊపిరి పోస్తున్నాయి. అక్కడ మనం నడిచేది మాత్రం వేసిన దారిలో, కంచె లోపల, గేటు తెరిచే వేళల్లో. ఆరోగ్యానికి అది చాలు. కొండ నడక వేరు. తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలో మనమే చూసుకోవాలి. ఆ చూసుకోవడంలో ఫోను, మీటింగు, గడువు అన్నీ మనసులోంచి జారిపోతాయి. పిల్లలకు ఇది ఇంకా అవసరం. నిజామాబాద్ జిల్లా పల్లె నుంచి వచ్చిన మలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లు బండ పట్టుకోవడం నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు, భువనగిరి ఏకశిల మీద. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు మన గ్రానైటే తొలి బడి అయింది. కారిడార్‌లోని వేల పిల్లలకు ఖాజాగూడ అదే పని చేయగలదు.

నడిచేవాళ్ల తప్పులు దాచను. పగిలిన బీరు సీసాలు, బండల మీద ప్రేమ జంటల పేర్లు, స్పీకర్లు, ఎండుగడ్డి మీద సిగరెట్ పీకలు, డ్రోన్లు. పండగ మర్నాడు గుట్ట మీద ప్లాస్టిక్ చూస్తే ఏడుపొస్తుంది. అందుకని గుట్టను మూసేయాలనే వాదన తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. మూసిన గుట్ట మీద కన్నేసి ఉంచేవాళ్లుండరు, లోపల ఏం జరిగినా చూసేవాళ్లుండరు. రోజూ నడిచేవాళ్లే దానికి కాపలా. 2018 తర్వాత ఖాజాగూడ బండలు దెబ్బతిన్న ప్రతిసారీ మొదట గొంతెత్తింది అక్కడ నడిచేవాళ్లూ బండలెక్కేవాళ్లే.

చెయ్యాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఖాజాగూడ గుట్టను రాయి రాయిగా కాకుండా వాలు, పల్లం, కింది కుంటలతో సహా ఒకే హద్దుగా సర్వే చేసి రెవెన్యూ రికార్డులో రాయాలి. జనం ఇప్పటికే తొక్కి చేసిన కాలిబాటల్లో రెండు మూడింటిని ప్రజాదారులుగా ప్రకటించాలి. గుట్ట మీద సిమెంటు మెట్లు, రెయిలింగులు, రంగు దీపాలు వద్దే వద్దు. మరుగుదొడ్లు, చెత్తబుట్టలు, తాగునీళ్లు గుట్ట కిందే ఉండాలి. మేకల కాపరికి, దర్గాకొచ్చే ఫకీరుకు, గుడికొచ్చే ముసలమ్మకు, ఆదివారం పిల్లల్ని తెచ్చే ఉద్యోగికి దారి సమానంగా తెరిచి ఉండాలి. ఇద్దరు ముగ్గురు కాపలా మనుషుల్ని పెట్టాలి. వాళ్లను పక్క ఊళ్ల కాపరి కుటుంబాల నుంచే తీసుకుంటే ఎక్కడ తేనెపట్టుందో, ఎక్కడ పాము పుట్టుందో కొత్తగా నేర్పక్కర్లేదు. జీతాల సంగతంటారా, 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాల్సిన సంస్థలు ఆ గుట్ట చుట్టూనే ఉన్నాయి. వాటి కిటికీల్లోంచి గుట్ట ఇంకా కనిపిస్తూనే ఉంది.